ఇరవయ్యో సెకనులో ఉన్నదాన్ని ముందుకు తెచ్చుకో

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది పలాస దగ్గర పల్లెటూరు. అత్తవారింట్లో జీడిపిక్కలు కొట్టించి, పప్పు తీసి అమ్ముతాం. కొంతకాలంగా ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో వీడియోలు పెడుతున్నాను. చూసినవాళ్ళు బాగుందనే అంటారు, కానీ చూసేవాళ్ళే తక్కువ. మొదట్లోనే వేలితో తోసేసి వెళ్ళిపోతున్నారు. వీడియో మా లోగోతో మొదలవుతుంది. కవర్ మీద షాపు పేరు, అరసవల్లి సూర్యనారాయణ స్వామి బొమ్మ, ఫోన్ నంబరు, కిలో ధర, 'ఆల్ ఇండియా డెలివరీ' అన్నీ పెడతాను. మా మరిదేమో "ఇలాగైతే ఎవడూ ఆగడు వదినా, 'జీడిపప్పులో విషం?' అని ఎర్రక్షరాలు వేసి, నోరు తెరిచిన నీ ఫొటో పెట్టు" అంటున్నాడు. 2018 తిత్లీ తుపానులో మా తోట చాలా పోయింది, ఆ ఫొటోలు పెడితే జనం ఆగుతారని కూడా అంటున్నాడు. అత్తయ్యకి ఇదంతా నచ్చదు, "ఏటమ్మా ఈ ఫోన్ల గోల" అంటుంది. డబ్బిచ్చి డిజైనర్ చేత చేయించుకోమంటారా? మూడు వీడియోల లింకులు పంపుతున్నాను.
– ఒక చెల్లి, పలాస మండలం

జవాబు: చెల్లీ, మూడూ చూశాను. రెండో వీడియోలో ఇరవయ్యో సెకను దగ్గర ఒక షాట్ ఉంది. నల్లగా కాలిన పిక్క మీద చెక్కతో ఒక్క దెబ్బ పడుతుంది. పెంకు విచ్చుకుంటుంది. లోపల్నుంచి ఎర్రటి పొట్టుతో పప్పు బయటికొస్తుంది. నీ వీడియోలన్నిటిలోనూ అంతకన్నా మంచి షాట్ లేదు. కానీ అక్కడిదాకా వచ్చేవాళ్ళు ఎంతమంది? ముందు లోగో గిరగిరా తిరిగింది. తర్వాత "నమస్తే ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ ఛానల్" వచ్చింది. తర్వాత షాపు బోర్డు, ఆ తర్వాత అదే బోర్డు ఇంకాస్త దగ్గర్నుంచి. ఈలోపు జనం ఇంకో రెండు వీడియోలు చూసేసి ఉంటారు.

కాబట్టి కొత్తగా ఏదో గీయించుకోవాలనే ఆలోచన కాసేపు పక్కన పెట్టు. ఎడిటింగ్ యాప్ తెరిచి, ఆ దెబ్బ పడే క్షణాన్ని వీడియో మొదటికి జరుపు. లోగో తీసెయ్యి. మనసొప్పకపోతే చివర పెట్టుకో. పలకరింపు మానెయ్యమని అనను, కానీ చేతులు పని చేస్తూ ఉండగా వెనక నుంచి వినిపించనీ.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నువ్వు అంత కష్టపడి తయారుచేసే కవర్ బొమ్మ, రీల్ జనానికి ఎదురయ్యే చోట దాదాపుగా కనబడదు. వేలితో తోసుకుంటూ పోయే మనిషి ముందు రీల్ తనంతట తానే ఆడటం మొదలుపెడుతుంది. ఆ మనిషి చూసేది వీడియోలోని మొట్టమొదటి ఫ్రేమ్. కవర్ కనబడేది నీ ప్రొఫైల్‌కి వచ్చినప్పుడు, లేదా వెతికినప్పుడు. యూట్యూబ్ షార్ట్స్‌దీ అదే దారి. వాట్సాప్ స్టేటస్‌కైతే కవర్ అనేదే లేదు. కవర్ గట్టిగా పనిచేసేది యూట్యూబ్‌లోని పెద్ద వీడియోలకి. అక్కడ జనం థంబ్‌నెయిల్ చూసి, నొక్కాలో వద్దో తేల్చుకుంటారు. నువ్వు రెండింటికీ ఒకే వైద్యం చేస్తున్నావు. రీల్‌కి, షార్ట్‌కి మొదటి ఫ్రేమ్ మీద శ్రమ పెట్టు, పెద్ద వీడియోకి థంబ్‌నెయిల్ మీద పెట్టు. రీల్ కవర్‌కి తక్కువ టైమ్ చాలు.

మొదటి ఫ్రేమ్ అంటే ఏ క్షణం అని అడుగుతావేమో. పప్పు పూర్తిగా బయటపడ్డాక మొదలుపెడితే ఇక చూడటానికేమీ మిగలదు. చెక్క పైకెత్తిన చోట మొదలుపెడితే కొట్టబోయేది ఏమిటో తెలియదు. పెంకు సగం విచ్చుకుని, నలుపు మధ్యలో ఎర్రటి అంచు కనబడే చోటు ఉంటుంది చూడు, అక్కడ కత్తిరించు. పూర్తవడానికి అర సెకను ముందు. మిగతాది చూడటానికి మనిషి ఆగుతాడు. పొట్టు తీసే షాట్ కూడా ఇలాంటిదే: సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న పప్పు. నువ్వు రోజూ చూస్తావు కాబట్టి నీకు మామూలుగా ఉంటుంది. హైదరాబాద్‌లో ప్యాకెట్ చింపి పాయసంలో వేసుకునేవాళ్ళలో చాలామంది జీడిపిక్కని జన్మలో చూసి ఉండరు. పండు చివర బయట వేలాడే ఆ పిక్కలోంచి పప్పు వస్తుందంటే నమ్మనివాళ్ళు కూడా ఉంటారు.

ఇక కవర్. మన దగ్గర కవర్లన్నీ ఫ్లెక్సీల్లా తయారవుతున్నాయి. కాశీబుగ్గ బస్టాండ్ దగ్గర కట్టిన ఫ్లెక్సీ ముందు జనం బస్సు కోసం నిలబడతారు. ఊసుపోక కింద మూలనున్న పేర్లు కూడా చదువుతారు. ఫోన్‌లో అలా నిలబడే అవసరం ఎవరికీ లేదు. అందుకని కవర్ మీద ఒక్క వస్తువే ఉండాలి, అది బొమ్మలో సగమైనా ఆక్రమించాలి. కింద రెండు నుంచి నాలుగు మాటలు చాలు. ఫోన్ నంబరు ప్రొఫైల్‌లోకి పోవాలి, డెలివరీ సంగతి వీడియో కింద రాసుకోవాలి. సూర్యనారాయణ స్వామిని కూడా అక్కడ్నుంచి తీసెయ్యి. కోప్పడకు. అంత చిన్న సైజులో ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. షాపులో గల్లా పెట్టె పైన ఉండనీ.

సైజు సంగతి వచ్చింది కాబట్టి కొలతలు కూడా చెప్పేస్తాను. రీల్ నిలువు బొమ్మ 1080 అడ్డం, 1920 నిలువు పిక్సెల్స్. ఆడుతున్నప్పుడు కుడి అంచున లైకు, షేరు గుర్తులు, కింద నీ పేరు, నువ్వు రాసిన నాలుగు ముక్కలు వచ్చి పడతాయి. కాబట్టి అక్షరాలు అక్కడ వద్దు. ప్రొఫైల్‌లో గళ్ళు మునుపు చదరంగా ఉండేవి. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ వాటిని నిలువుగా, 3:4 లెక్కకి మార్చింది. అంటే నీ కవర్‌లో పైన 240, కింద 240 పిక్సెల్స్ తెగిపోతాయి. నీ షాపు పేరు సగం తెగి కనిపించడానికి కారణం అదే. ముఖ్యమైనదంతా నడిమధ్యలో పెట్టుకో. యూట్యూబ్ పెద్ద వీడియో థంబ్‌నెయిల్ అడ్డంగా 1280 x 720. దానికి కింద కుడి మూలలో వీడియో నిడివి వచ్చి కూర్చుంటుంది, ఆ మూల ఖాళీగా వదులు.

తెలుగు అక్షరాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలని మనసులో పెట్టుకుని చెప్పినవి. మన అక్షరానికి పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు. సైజు తగ్గితే ముందు వత్తు అలుక్కుపోతుంది. 'నాణ్యమైన స్వచ్ఛమైన' అని నువ్వు రాసినది నా ఫోన్‌లో నల్లటి మరకలా కనిపించింది. (ఆ రెండు మాటలూ ఎలాగూ అక్కర్లేదు. కల్తీ సరుకు అమ్మేవాడు కూడా అవే రాస్తాడు.) వత్తులు తక్కువున్న చిన్న మాటలు ఎంచుకో. రెండు వరుసలు రాస్తే మధ్య ఎడం ఎక్కువ వదులు, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులతో పోట్లాడుకుంటాయి. అంచులకి మెరుపులు, నీడలు పెట్టకు. లావుపాటి ఫాంట్ కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉచితంగా దొరుకుతుంది, శీర్షికలకి బాగుంటుంది. అక్కడే గురజాడ పేరుతో ఒకటి, గిడుగు పేరుతో ఒకటి కూడా ఉన్నాయి, మన ప్రాంతం వాళ్ళు కదా అని ఒకసారి వేసి చూసుకో. ఫ్లెక్సీ షాపులో టైపు చేయించుకున్న మేటర్ మాత్రం ఫోన్‌లో అతికించకు. వాళ్ళు వాడే అను ఫాంట్లు ఫోన్లు చదివే యూనికోడ్ పద్ధతివి కావు, అతికించగానే పిచ్చి గుర్తులొస్తాయి.

అక్షరాలు సరిపోయాయో లేదో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి: ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని కళ్ళు సగం మూసి చూడు. ఇంకా మంచిది, అత్తయ్యకి కళ్ళజోడు లేకుండా చూపించు. ఆవిడ చదవగలిగితే పాస్. తర్వాత ఫొటోని ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడు. పప్పు, వెనకనున్నది ఒకే బూడిద రంగులో కలిసిపోతే, రంగులు ఎంత బాగున్నా చిన్న తెర మీద ఆ బొమ్మ నిలబడదు.

నీ మొదటి వీడియోకి జరిగింది ఇదే. తెల్ల పప్పుని తెల్ల ప్లేటులో పోసి ట్యూబులైటు కింద తీశావు. ప్లేటు వెలిగింది, పప్పు పాలిపోయింది. అదే పప్పుని నల్లటి ఇనప బాణలిలోనో, అరిటాకు మీదో పోసి చూడు. ఉదయం పూట గుమ్మం పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి వచ్చేలా పెట్టుకుని, ఇంట్లో లైటు ఆపేసి తియ్యి. పక్క వెలుతురుకి పప్పు వంపు తేలుతుంది. ఫోన్ తెర మీద పప్పుని వేలితో నొక్కి పట్టుకుని వెలుగు కొంచెం తగ్గించు, తెలుపు మాడిపోకుండా ఉంటుంది. అన్నట్టు, లెన్స్ తుడువు. పొట్టు దుమ్ములో ఉండే ఫోన్ అది.

ఇప్పుడు మరిది గారి విషం సంగతి. వద్దు. ముందు వ్యాపారం వైపు నుంచి చూడు: నీ సరుకు పేరు పక్కన విషం అనే మాట నువ్వే రాస్తే, వీడియో చూడకుండా ఆ బొమ్మ మాత్రమే చూసి పోయేవాళ్ళు ఎక్కువ, వాళ్ళకి గుర్తుండేది ఆ ఒక్క మాటే. ఇక రెండోది, వీడియోలో లేనిది ఉన్నట్టు శీర్షికలోనో థంబ్‌నెయిల్‌లోనో చూపిస్తే ఇండియాలో కఠినంగా ఉంటామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది. వాళ్ళ దృష్టి ముఖ్యంగా వార్తల వీడియోల మీద ఉంది. అయినా మనం ఆ గీత దగ్గరికి పోవడం దేనికి? పెద్ద వీడియోలకి యూట్యూబ్‌లో మూడు థంబ్‌నెయిల్స్ పోటీ పెట్టి చూసుకునే సదుపాయం ఉంది, కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిస్తే దొరుకుతుంది. అందులో గెలుపుని నొక్కినవాళ్ళ సంఖ్య చూసి తేల్చరు, ఎంతసేపు చూశారనేదే లెక్క. మోసపోయి నొక్కినవాడు ఐదో సెకనులో వెళ్ళిపోతాడు కాబట్టి అబద్ధం అక్కడ ఓడిపోతుంది.

కానీ మరిది పూర్తిగా తప్పు అనను. కుర్రాడు పసిగట్టిన విషయం ఒకటుంది. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది, చర్మానికి తగిలితే పొక్కుతుంది. అందుకే పిక్కల్ని కాల్చో ఆవిరి పట్టో కొడతారు. జీడి పని చేసేవాళ్ళ చేతులు నల్లబడేది ఆ నూనెకే. ఇది నిజం, భయం కూడా ఇందులోనే ఉంది, ఆశ్చర్యం కూడా ఉంది. నల్లటి పెంకు దగ్గరగా తీసి, 'ఇది తగిలితే పొక్కుతుంది' అని నాలుగు మాటల లోపు రాసి మొదలుపెట్టు. తర్వాత సెకనులో పెంకు విచ్చుకుని పప్పు రావాలి. మనిషి ఆగుతాడు, ఆగినందుకు ఒక కొత్త సంగతి తెలుసుకుంటాడు, నీ సరుకుకి మచ్చ రాదు. కాల్చాక, పొట్టు తీశాక పప్పు ఎలా శుభ్రంగా ఉంటుందో అదే వీడియోలో చెప్పు. సగంలో వదిలెయ్యకు.

చేతుల షాట్ తీసేముందు ఆ చేతులు ఎవరివో వాళ్ళని అడుగు. ముఖం రాదు కదా అనుకోకు. ఊళ్ళో గాజులు చూసి చెప్పేస్తారు ఎవరివో. ఎక్కడ పెడతావో, ఎందుకు పెడతావో చెప్పి, వద్దంటే మానెయ్యి. నీ చేతులే తీసుకో. చేతికి తొడుగులు వేసుకుని పని చేసేవాళ్ళుంటే, ఫొటో బాగుంటుందని తీయించకు. నల్లబడ్డ చేతుల్ని చూపించి 'చూడండి ఎంత కష్టమో' అని జాలి పుట్టించే పాటతో పెట్టే వీడియోలు నాకు నచ్చవు. ఆ కష్టానికి కూలి ఎంతిస్తున్నావని కామెంట్లో ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబుండాలి.

నీ ముఖం పెట్టాలా అంటే, పెట్టు. మనుషుల కళ్ళు ముఖాల దగ్గర ఆగుతాయి, అది నిజమే. నోరు తెరిచి కెమెరా వైపు చూడకు, చేతిలో ఉన్న పిక్క వైపు చూడు. నువ్వు ఎటు చూస్తే చూసేవాళ్ళు కూడా అటే చూస్తారు.

నువ్వు ఇప్పటిదాకా వాడుకోని వస్తువు ఒకటుంది: సైజులు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని సంచుల మీద రాసుకుంటారు కదా. ఒక పౌండుకి, అంటే సుమారు 454 గ్రాములకి, మహా అయితే అన్ని పప్పులు తూగుతాయని ఆ అంకెల అర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. బయటివాళ్ళకి ఇది తెలియదు, 320 అంటే గొప్పదేమో అనుకుంటారు. అరచేతిలో ఒక 180, ఒక 320, పక్కన రూపాయి బిళ్ళ. పైన 'ఏది ఖరీదు?' అని రెండు మాటలు. దీనికి డిజైనర్ ఏం చేస్తాడు చెప్పు? ఒక్క జాగ్రత్త: కవర్ మీద 180 చూపించి పార్సిల్‌లో బద్దలు పంపితే, ఆ పార్సిల్ విప్పే వీడియో వాళ్ళు తీస్తారు. దానికి మొదటి ఫ్రేమ్ చాలా బాగా కుదురుతుంది.

తిత్లీ ఫొటోలు. మీ తోటవే అయితే వాడుకో, ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరివో వద్దు. 2018 అక్టోబరులో ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ ఫొటో ఒక్కటే పెడితే నిన్న జరిగినట్టు ఉంటుంది, అది మోసమే. అదే చోట నిలబడి, అదే వైపు చూస్తూ ఇప్పుడు ఇంకో ఫొటో తియ్యి. పైన పాతది, కింద కొత్తది, రెండింటి మీద ఏడాది అంకెలు. మళ్ళీ నాటిన మొక్కలు మూడు నాలుగేళ్ళకే కాపు మొదలుపెడతాయి కాబట్టి ఇప్పుడు చూపించడానికి చెట్లుంటాయి. మాటలు అత్తయ్య చేత చెప్పించు. ఫోన్ల గోల అంటూనే ఒప్పుకుంటుంది చూడు, తోట గురించి అడిగితే ఎవరు కాదంటారు? మన యాసలోనే చెప్పనీ, దిద్దకు. చప్పుడు ఆపేసి చూసేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఆవిడ మాటలు కింద అక్షరాల్లో కూడా వెయ్యి.

ఏఐతో బొమ్మలు చేయించుకోవచ్చు కదా అని రేపో మాపో మరిది అంటాడు. తినే సరుకుకి వద్దు. ఆ బొమ్మలో పప్పు మీ పప్పు కాదు, తెలుగు అక్షరాలు కూడా తరచూ తప్పుగా వస్తాయి.

ధర ఎక్కడ పెట్టాలని నువ్వు అడగలేదు కానీ చెప్తాను. వాట్సాప్ స్టేటస్‌లో మొదటి ఫ్రేమ్ మీదే పెట్టు. అక్కడ చూసేవాళ్ళు నిన్నెరిగినవాళ్ళు, వాళ్ళకి కావలసింది 'కొత్త పప్పు వచ్చింది, కిలో ఇంత' అన్నదే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎదురయ్యేవాళ్ళకి నువ్వెవరో తెలియదు, వాళ్ళకి ముందే ధర చెబితే ప్రకటన అనుకుని తోసేస్తారు.

పనిచేస్తోందో లేదో లైకులు చూసి తేల్చుకోకు. షార్ట్స్‌కి యూట్యూబ్ స్టూడియోలో ఎంత శాతం మంది చూశారు, ఎంత శాతం మంది తోసేసి వెళ్ళారు అన్నది విడిగా ఉంటుంది. మొదటి ఫ్రేమ్ మార్చిన వీడియోకి, మార్చని వీడియోకి ఆ అంకె పోల్చి చూడు. ఒకేసారి ఫ్రేమ్, పాట, శీర్షిక అన్నీ మార్చేస్తే దేని వల్ల మారిందో తెలియదు. ఒక వీడియో ఆడకపోతే టెన్షన్ పడి మొత్తం పద్ధతి మార్చెయ్యకు, నాలుగైదు పెట్టి చూడు.

డిజైనర్‌కి నెలనెలా డబ్బు ఇవ్వక్కర్లేదు. ఇవ్వాలనిపిస్తే ఒక్కసారి ఇచ్చి, షాపు పేరు ఏ మూల, ఏ రంగు, ఏ ఫాంట్ అన్నది తేల్చి ఒక అచ్చు చేయించుకో. తర్వాత అందులో ఫొటో మారుస్తూ పోవడమే. ఆ డబ్బు మిగిలితే ఫోన్ కదలకుండా నిలబెట్టే స్టాండ్ కొనుక్కో, దెబ్బ కొట్టే షాట్లన్నీ ఊగుతున్నాయి.

మార్చి నుంచి మే దాకా తోటలో పళ్ళుంటాయి. ఎర్రటి పండు కింద వేలాడే పిక్క షాట్ అప్పుడే తీసి దాచుకో, మిగతా ఏడాది దొరకదు. ప్రతిదీ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తియ్యి. రీల్‌కి తీసిన నిలువు బొమ్మని యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి సాగదీస్తే పండు గుమ్మడికాయలా తయారవుతుంది.